అక్క ఊపిరి, నిదానం బకెట్

ఆ లిఫ్టు మెకానిక్కుని అందరూ 'నిదానం' అంటారు. నిదానమే ప్రధానం అన్నారు కదా పెద్దలు, ఎంత చక్కటి పేరు అనుకుంటారు కొత్తగా పరిచయమైనవాళ్ళు. రెండు నిమిషాలు మాట్లాడితే ఆ భ్రమ వదిలిపోతుంది. అతనికి కోపం ముక్కు మీద కూడా ఉండదు, ముక్కు దాటి ఒక జానెడు ముందే ఉంటుంది. లిఫ్టులో పది మంది ఎక్కాల్సిన చోట పద్నాలుగు మంది ఎక్కారని ఒకసారి ఒక ఆఫీసు మొత్తాన్ని మెట్ల మీద నడిపించాడు. పెద్దాఫీసరు కూడా నడిచాడు.

మరి ఆ పేరెలా వచ్చిందంటే, అతను వాయించిన డ్రమ్ముల వల్ల వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట నలుగురు కలిసి ఒక బ్యాండు పెట్టారు. కీబోర్డు వాయించే అతను బ్యాంకులో గుమాస్తా. ఎక్కడ నుంచోవాలో, ఏ చొక్కా వేసుకోవాలో అన్నీ తనే చెప్పేవాడు కాబట్టి అతనికి 'కెప్టెన్' అని పేరు. గిటారు వాయించే అతనిది కళ్ళజోళ్ళ షాపు. అతన్ని 'అద్దాలు' అనేవారు. పాడేది బస్ స్టేషన్లో అనౌన్సరుగా పనిచేసే ఆవిడ. మిగతా ముగ్గురి కన్నా రెండేళ్ళు పెద్దది, అందుకని అందరికీ 'అక్క'.

అక్క పని ఎలాంటిదో తెలిస్తే గాని ఈ గొడవ అర్థం కాదు. ఏ నంబరు బస్సు, ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది, ఎక్కడికి వెళ్తుంది, దారిలో ఎక్కడెక్కడ ఆగుతుంది, ఇదంతా ఆవిడ ఒక్క ఊపిరిలో చెప్పేసేది. మధ్యలో ఆగితే జనం అయిపోయిందనుకుని పరిగెత్తేవారట. ఆ అలవాటే పాటలోకీ వచ్చింది. రెండేసి వరుసలు కలిపి ఒక్క ఊపిరిలో పాడేది. అలా పాడబోయే ముందు మాత్రం ఒక పెద్ద ఊపిరి, బిందె నింపుకున్నట్టు, నిండుగా తీసుకునేది. వెనక కూర్చున్న డ్రమ్మరుకి ఆవిడ భుజాలు పైకి లేవడం కనిపించేది. అతను కర్ర గాల్లోనే ఆపి, ఆవిడ ఊపిరి నిండేదాకా ఉండి, అప్పుడు దెబ్బ వేసేవాడు. ఒక రవ్వంత ఆలస్యం. ఆ రవ్వంతకే అతనికి ఆ పేరు పెట్టారు. "మా డ్రమ్మరుగారు నిదానం, దారిలో ఉన్నారు, వచ్చేస్తారు" అని కెప్టెన్ మైకులో అనేవాడు. జనం నవ్వేవారు. అక్క పాడేటప్పుడు తప్ప ఇంకెప్పుడూ ఇతను ఎందుకు వెనకబడడు అని ఒక్కడంటే ఒక్కడు అడిగిన పాపాన పోలేదు. అడిగితే చెప్పేవాడు. అడగని దానికి సంజాయిషీ ఇచ్చుకునే రకం కాదు.

బ్యాండ్లన్నీ ఎలా ఆగిపోతాయో ఇదీ అలాగే ఆగిపోయింది. పోట్లాటా లేదు, ఏడుపులూ లేవు. కెప్టెన్‌కి బదిలీ అయింది, అద్దాలుకి పిల్లలు పుట్టారు, నిదానం డ్రమ్ములు అమ్మేసి లిఫ్టుల్లో పడ్డాడు. ఒక్క అక్క దగ్గర మాత్రం ఒక నోటుపుస్తకం మిగిలింది. అందులో ఆవిడ సొంతంగా రాసి, సొంతంగా బాణీ కట్టుకున్న పాటలు ఆరు. రిసెప్షన్లలో ఆ పాటలు పాడతానంటే "మాకు తెలిసినవి పాడమ్మా" అనేవారు జనం. జనానికి తెలియాలంటే ఎవరో ఒకరు మొదటిసారి పాడాలి కదా. ఇదే మాట అని నిదానం ఒక పెళ్ళికొడుకు మామతో గొడవ పెట్టుకున్నాడు, ఆ రోజు భోజనం కూడా చేయకుండా వచ్చేశాడు.

ఆ తర్వాత మహమ్మారి వచ్చి ఊళ్ళకు ఊళ్ళే తలుపులేసుకున్నాయి. బస్సులు ఆగిపోయాయి. పిలవడానికి బస్సే లేనప్పుడు అనౌన్సరుకి పనేముంటుంది? ఇంట్లో మూడు వారాలు కూర్చున్నాక అక్క ముగ్గురికీ ఫోన్ చేసింది.

"నా దగ్గర ఆరు పాటలున్నాయి. మీ దగ్గర బోలెడంత టైముంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడర్రా?"

నలుగురూ నాలుగు ఇళ్ళలో ఉండి, ఎవరి వాద్యం వాళ్ళు ఫోన్లో రికార్డు చేసి పంపితే, కెప్టెన్ వాటిని కంప్యూటర్లో కలిపి పాట చేస్తాడు. అతను అప్పటికి బ్యాంకులో మేనేజరై, ముందుగానే రిటైర్మెంట్ తీసుకుని, తిరిగి ఊరికొచ్చి, ఇంట్లో ఊపిరాడక కొట్టుకుంటున్నాడు. ఎవరో ఒకరి మీద పెత్తనం దొరికేసరికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఒక గ్రూపు పెట్టి పదకొండు నియమాలు రాశాడు. ఫ్యాను ఆపాలి. కుక్కర్ ఆపాలి. ఇంట్లోవాళ్ళని ఆపాలి. అన్నిటికన్నా పైన మొదటి నియమం: 'ముందు రికార్డయినదాన్ని ఇయర్‌ఫోన్లలోనే వింటూ వాయించాలి!!!' లేకపోతే స్పీకర్లోంచి వచ్చే పాత శబ్దం కొత్త రికార్డింగులో పడిపోతుందట.

పాత పద్ధతి ప్రకారం మొదటి దెబ్బ నిదానానిదే. స్టేజీ మీద కూడా అతను కర్రలు నాలుగుసార్లు కొడితేనే మిగతావాళ్ళు అందుకునేవారు. కాకపోతే ఇప్పుడతని దగ్గర డ్రమ్ముల్లేవు. ఇల్లంతా వెతికి, తట్టి, చెవి పెట్టి విని, చివరికి బాత్రూములోని నీలం బకెట్ ముందు నిలబడ్డాడు.

"ఏవండీ, అదొక్కటే ఉంది నాకు. దానికి చిల్లు పడితే మీరే కొళాయి కింద కూర్చుని స్నానం చేయాలి," అంది భార్య.

"కళ కోసం ఆ మాత్రం త్యాగం చేయలేవా?"

"ఆ కళేదో మీ తల మీద వాయించుకోండి, నా బకెట్ జోలికి రాకండి."

అలా అంటూనే బకెట్ కడిగి, తుడిచి, బోర్లించి ఇచ్చింది. ఒక స్టీలు మూత కూడా ఇచ్చింది. భార్య ఫోన్లో అక్క లైన్లో ఉండి కూనిరాగం తీస్తుంటే, దాన్ని స్పీకర్లో వింటూ అతను బాత్రూములో పీట వేసుకుని వాయించాడు. అతని ఫోన్ సబ్బుపెట్టె పక్కన నుంచుని రికార్డు చేసింది. భుజాలు కనిపించకపోతేనేం, ఊపిరి వినిపించింది. కర్ర గాల్లో ఆగాల్సిన చోట ఆగింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా అతని చెయ్యి ఏదీ మర్చిపోలేదు.

ఆ బకెట్ మీద అద్దాలు గిటారు, దాని మీద కెప్టెన్ కీబోర్డు, అన్నిటి మీద అక్క పాట. రెండు నెలల్లో ఆరు పాటలూ పూర్తయ్యాయి. జీవితమంతా ఎవరెవరి పాటలో వాయించినవాళ్ళు మొదటిసారి తమ పాట తాము వాయించుకున్నారు. నిదానం ఆ రెండు నెలలూ ఎవరినీ తిట్టలేదని, తనకి కాస్త భయం కూడా వేసిందని భార్య అందరికీ చెప్పింది. మొదటి పాటలోని మాటలు ఆవిడకి కూడా నోటికొచ్చేశాయి:

*ఎవరి బండి వాళ్ళకొచ్చె, ఎవరి దారి వాళ్ళు పోయె,*
*పిలిచి పిలిచి నేను మాత్రం పిలుపు దగ్గరే ఉండిపోతి.*

రెండు వరుసలూ ఒక్క ఊపిరి. వేరే ఎవరికైనా మధ్యలో రెండుసార్లు ఆగాల్సొస్తుంది.

కెప్టెన్ ముందుగా ఆ మొదటి పాటని కలిపి, ఒక ఆదివారం పొద్దున గ్రూపులో పెట్టాడు. నిదానం భార్యని పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్‌ని గ్లాసులో నిలబెట్టి మరీ మొదలుపెట్టాడు. గిటారు వచ్చింది. కీబోర్డు వచ్చింది. తర్వాత టిక్, టక్, టిక్, టక్ మంటూ ఏదో మొదలైంది. అది బకెట్ కాదు. కంప్యూటర్లో నొక్కితే వచ్చే రెడీమేడ్ డ్రమ్ములు. పాట అయిపోయేదాకా అవే వాగాయి. కింద కెప్టెన్ సందేశం: 'చిన్న చిన్న టైమింగ్ లోపాలు సరిచేశాను. ఎవరూ ఏమీ అనుకోవద్దు.'

ఏమీ అనుకోవద్దట! ఇంట్లోంచి మనిషిని గెంటేసి, ఆ మనిషికే ఏమీ అనుకోవద్దని చెప్పడం. ఒక్క మాట అడిగాడా? ముందు చెప్పాడా? నిదానం అగ్గి మీద గుగ్గిలమై ఫోన్ చేశాడు.

"నా బకెట్ ఏదిరా?"

"ఒరేయ్, అరవకు. ప్రతి చరణం ముందు నువ్వు వెనకబడుతున్నావ్. కంప్యూటర్లో గీతలు గీసి చూపిస్తా కావాలంటే. అన్నీ గీత మీద ఉన్నాయి, నీదొక్కటే గీత అవతల ఉంది."

"గీతెవడు గీశాడు?"

"కంప్యూటర్."

"కంప్యూటర్‌కి ఊపిరుందా?"

"దానికీ దీనికీ సంబంధమేంటి?"

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ యవ్వారం. కలపడం చేతకాక నా చెయ్యి మీద పడ్డావ్," అని నిదానం ఫోన్ పెట్టేశాడు. సంబంధమేంటో చెప్పాల్సింది. చెప్పలేదు. ఇన్నేళ్ళు పక్కన నిలబడి వాయించినవాడికి అది తెలియకపోవడం ఏమిటని పంతం. పంతానికి పోయినవాడు సగం కేసు తనే ఓడిపోతాడు.

మధ్యాహ్నం భార్య అదే పాట మళ్ళీ వింటూ అంది, "ఏవండీ, వెనకాల ఎవరో తలుపు తడుతున్నట్టు లేదూ?"

నిదానం చెవి పెట్టాడు. ఉంది. అక్క గొంతు వెనక, దూరంగా, గోడ అవతల నుంచి వచ్చినట్టు డుబ్, డుబ్. అతని బకెట్టే! గిటారు ఒంటరిగా వాయించే చోట ఇంకా బాగా వినిపిస్తోంది. కెప్టెన్ ముందు తలుపులోంచి గెంటేస్తే ఇది కిటికీలోంచి మళ్ళీ లోపలికొచ్చి కూర్చుంది. పైగా రెడీమేడ్ డ్రమ్ము ఒక చోట పడితే, ఇది అడుగు వెనక పడుతోంది.

విచారణ జరిగింది. మొదటి నియమం ఒక్కరూ పాటించలేదని తేలింది. "రోజంతా జనాల చెవుల మీద కళ్ళజోళ్ళు సర్దేవాణ్ణి, నా చెవిలో ఏదైనా పెడితే నాకు కంపరం," అన్నాడు అద్దాలు. "చెవులు మూసేస్తే నా గొంతు నాకే పరాయిదానిలా వినిపిస్తుంది," అంది అక్క. అందరూ ఫోన్ స్పీకర్లో బకెట్ మోగించుకుంటూ దాని పక్కనే వాయించారు, పాడారు. ఇక మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టి నియమం రాసిన కెప్టెన్ సంగతి. అతని కీబోర్డు ఫైలులో కూడా బకెట్ ఉంది. ఇయర్‌ఫోన్లు మనవడు విరిచేశాడట. కొత్తవి కొందామంటే షాపులు లేవట. ఆ మాట ముందే చెప్పి ఏడవచ్చు కదా! నియమాలన్నీ ఎదుటివాళ్ళకే.

తప్పు తనదైనా కెప్టెన్ వెనక్కి తగ్గలేదు. అందరూ ఆరు పాటలూ మళ్ళీ రికార్డు చేయాలని, ఈసారి కంప్యూటర్ టిక్‌టక్‌ని ఇయర్‌ఫోన్లలో వింటూ చేయాలని గ్రూపులో హుకుం జారీ చేశాడు. అద్దాలు సరేనన్నాడు. నిదానం గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. అక్క ఏమీ రాయలేదు. అప్పటికే ఆవిడకి జ్వరం మొదలై మూడో రోజు.

ఐదో రోజు ఆస్పత్రిలో చేర్చారు. ఆ ఆస్పత్రి లిఫ్టులు చూసేది నిదానమే. మూతపడిన ఊళ్ళో మూతపడని పని అతనిది. ఆవిడ నాలుగో అంతస్తులో ఉంది, లోపలికి ఎవరినీ వెళ్ళనివ్వరు. అతను మేడ మీద మెషిన్ రూములో కూర్చునేవాడు. లిఫ్టు ఏ అంతస్తులో ఆగిందో మోటారు చప్పుడు బట్టి అతనికి తెలుస్తుంది. నాలుగులో ఆగినప్పుడల్లా ఎవరిని ఎక్కిస్తున్నారో, ఎవరిని దించుతున్నారో అని చేస్తున్న పని ఆపి వినేవాడు. పద్దెనిమిది రోజులు అలా గడిచాయి. ఆ పద్దెనిమిది రోజుల్లో ఆ లిఫ్టు ఒక్క నిమిషం ఆగలేదు. ఆగితే తనని తను క్షమించుకునేవాడు కాదు.

అక్క బతికి బయటపడింది. కానీ ఊపిరితిత్తులు సగం ఎండిపోయాయన్నారు డాక్టర్లు. నాలుగు మాటలు మాట్లాడితే ఐదో మాటకి ఆగి ఊపిరి తీసుకోవాలి. అదీ చిన్న చిన్నగా, గుక్కలు గుక్కలుగా. బస్సులు మళ్ళీ తిరగడం మొదలైంది. బస్ స్టేషన్లో ఒక మిషన్ పెట్టారు, ఎవరిదో తెలియని గొంతు ముక్కలు ముక్కలుగా అతికించినట్టు బస్సు నంబర్లు చెబుతోంది. ఇరవై తొమ్మిదేళ్ళు పిలిచిన మనిషికి పంపింది ఒక కాగితం. 'మీ సేవలకు ధన్యవాదాలు.' దాని మీద పేరు కూడా తప్పు రాశారు. ఆ సంగతి విన్న రోజు నిదానం బస్ స్టేషన్‌కి వెళ్ళి ఎంక్వైరీ కిటికీ దగ్గర పావుగంట అరిచాడు. లోపలున్న మనిషి "నాకు సంబంధం లేదండీ" అంటూనే ఉన్నాడు. నిజమే, అతనికి సంబంధం లేదు. ఎవరికుందో కనుక్కుందామంటే అలాంటి మనిషి దేశంలో ఎక్కడా దొరకడు.

ఇలా కడుపు మండి ఉన్నప్పుడు అద్దాలు ఫోన్ చేసి ఇంకో కబురు చెప్పాడు. అక్క ఇక పాడలేదు కాబట్టి ఆరు పాటలూ తన కోడలితో పాడించాలని కెప్టెన్ అనుకుంటున్నాడట. ఆ అమ్మాయి సంగీతం నేర్చుకుందట, గొంతు బాగుంటుందట. అక్కని అడిగితే "పోనీలే, పాటలు బతికితే చాలు" అందట.

నిదానం మాస్కు తగిలించుకుని స్కూటరు తీశాడు.

కెప్టెన్ గేటు లోపల, ఇతను గేటు బయట, మధ్యలో ఆరడుగుల దూరం. వీధంతా వినేలా మాట్లాడుకోవడానికి ఆ రోజుల్లో ఆరోగ్యశాఖ వారే ఏర్పాటు చేసినట్టు ఉండేది.

"ఆవిడ పాటలు ఆవిడ గొంతులో ఉన్నాయి కదరా. రికార్డయి ఉన్నాయి. మళ్ళీ ఇంకొకళ్ళెందుకు?"

"ఆ గొంతు వెనక నీ బకెట్ అతుక్కుపోయి ఉంది. బకెట్ తీస్తే గొంతు పోతుంది, గొంతు ఉంచితే బకెట్ ఉంటుంది. నేనేం చేయను?"

"రెండూ ఉంచు!"

"తప్పులతోనా? జనం నవ్వరూ?"

"నవ్వితే నవ్వనీ. నీ మైకు జోకులకి ఇరవై ఎనిమిదేళ్ళ కిందటే నవ్వారుగా."

కెప్టెన్ ముఖం ఎర్రబడింది. "చూడు, అక్కే సరేనంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? అసలు సంగతి చెప్పనా? నువ్వొచ్చింది అక్క కోసం కాదు. నీ బకెట్ కోసం. అక్క పాట ఉంటే నీ వాయింపు కూడా ఉంటుంది, అదీ నీ బాధ."

నిదానం జీవితంలో మొదటిసారి పోట్లాట మధ్యలో స్కూటరు స్టార్ట్ చేసి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి జరిగిందంతా భార్యకి చెప్పి, "ఎంత మాటన్నాడో చూశావా?" అన్నాడు.

ఆవిడ బట్టలు మడతపెట్టడం ఆపకుండా అంది, "ఆయనన్నదాంట్లో అబద్ధం ఎంతుంది?"

"నువ్వు కూడానా?"

"నన్నెందుకు అరుస్తారు? అడిగానంతే. ఆ పాట నలభైసార్లు విన్నారు మీరు. ప్రతిసారీ బకెట్ కోసమేగా విన్నారు."

రాత్రంతా ఆ మాట కుట్టింది. మర్నాడు పొద్దున్నే అక్క ఇంటికి వెళ్ళాడు. ఆవిడ కిటికీ పక్కన కుర్చీలో ఉంది, ఇతను బయట వరండాలో స్టూలు మీద. జ్వరం, ఆస్పత్రి హడావుడిలో ఆవిడ కెప్టెన్ కలిపిన పాట విననే లేదు. ఎవరు పాడాలో, ఏది ఉండాలో తేల్చాల్సింది పాట రాసిన మనిషి. ఆ మనిషికి వినిపించకుండానే మగాళ్ళు ముగ్గురూ తగాదా పడుతున్నారు. ముగ్గురిలో తనూ ఒకడు. ఈ సంగతి తోచినందుకు కూడా నిదానానికి కోపమే వచ్చింది, ఈసారి తన మీదే.

"విను అక్కా. నీకు నచ్చితే నేనింక నోరెత్తను," అని కిటికీ ఊచల మధ్య ఫోన్ పెట్టాడు.

ఆవిడ కళ్ళు మూసుకుని వింది. అయిపోయాక చేత్తో 'ఇంకోసారి' అంది. రెండోసారి కూడా వింది. ఇతను తన బకెట్ గురించి ఏమంటుందోనని చూస్తున్నాడు. ఆవిడ దాని ఊసే ఎత్తలేదు.

"నేను ఊపిరి పీల్చిన..." ఆగింది. "...చప్పుడేదిరా?"

నిదానం ఫోన్ అందుకుని మళ్ళీ పెట్టాడు. ఎవరి బండి వాళ్ళకొచ్చె. దాని ముందు ఏమీ లేదు. కత్తెరతో కత్తిరించినట్టు శుభ్రంగా ఖాళీ. పాటలో ఎక్కడా లేదు. ఒక్క ఊపిరీ లేదు. ఏ ఊపిరి కోసం అతను యవ్వనమంతా కర్ర గాల్లో ఆపి కూర్చున్నాడో, ఏ ఊపిరి వల్ల ఊరంతా అతన్ని నిదానం అందో, అది మొత్తం తీసి పారేశారు. నలభైసార్లు విన్నాడు. తన డుబ్ డుబ్ ఉందా లేదా అని చెవులు రిక్కించి విన్నాడే గాని, ఇది లేదని ఒక్కసారి కూడా పట్టుకోలేదు. సిగ్గుతో అతనికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కెప్టెన్ అన్న మాట అప్పుడు తగిలింది, నిజంగా తగలాల్సిన చోట.

అక్కే ఫోన్ చేయమంది. స్పీకర్లో పెట్టాడు.

"అది నాయిస్ అక్కా," అన్నాడు కెప్టెన్, ఎంతో ఓపిగ్గా. "ఊపిరి చప్పుళ్ళు ఎవరూ ఉంచరు. అన్నీ ఒక్కొక్కటే ఏరి ఏరి తీసేశాను, నాలుగు రోజులు పట్టింది. పాట నీట్‌గా ఉండాలి కదా."

"ఆ నాయిస్... నాకు కావాలి."

"అక్కా, నీకు తెలియదు..."

"నాకు తెలుసురా." ఆగింది. ఒక గుక్క గాలి, ఇంకో గుక్క. "ఇప్పుడు నా దగ్గర... అది లేదు. నీ కంప్యూటర్లో ఉంది. నా ఊపిరి... నాకిచ్చెయ్."

నిదానం నోరు తెరిచాడు, అక్క చేత్తో ఆపింది. చివరికి కెప్టెన్ గొంతు వచ్చింది, పెత్తనం అంతా పోయి. "నిన్న మా కోడలు మొదటి పాట పాడబోయింది. రెండు వరుసలకే ఆగిపోయింది. 'మామయ్యా, వాయిద్యం ఆగకుండా పోతోంది, ఇందులో ఊపిరి ఎక్కడ తీసుకోను?' అని అడిగింది. నాకు అర్థం కాలేదు అప్పుడు."

"వాడు ఆపేవాడు," అంది అక్క, నిదానం వైపు చూస్తూ. "నాకోసం. నీకు ఇన్నేళ్ళూ... తెలియదా?"

కెప్టెన్‌కి తెలియదు. జోకు వేయడానికి తెలిసింది గాని, ఎందుకో కనుక్కోవడానికి తెలియలేదు.

వారం తర్వాత ఆరు పాటలూ వచ్చాయి. ఊపిరులన్నీ వెనక్కి వచ్చాయి. టిక్‌టక్ పోయింది, బకెట్ తిరిగొచ్చింది. ఊపిరి నిండాక దెబ్బ పడుతుంటే, ఆలస్యమన్నవాడికే చెవులు లేవని ఎవరికైనా అర్థమవుతుంది. గోడ అవతలి డుబ్ డుబ్ కూడా ఇప్పుడు బకెట్‌తో కలిసి ఒకటే అయిపోయింది. కెప్టెన్ ఆ ఫైళ్ళతో పాటు ఒక్క మాట రాయలేదు. సారీ అంటే రెండక్షరాలే. రెండంటే రెండు. పదకొండు నియమాలు రాసిన చేతికి అవి రాయడానికి బరువైపోయాయి. నిదానం ఈ రోజుకీ ఆ సంగతి ఎత్తితే మండిపడతాడు. మండిపడుతూనే గ్రూపులో మళ్ళీ చేరాడు.

అక్క పేరు మీద పాటలు యూట్యూబులో పెట్టారు. మొదటి నెలలో మూడు వందలసార్లు విన్నారు జనం, అందులో ఎనభైసార్లు నిదానం భార్యే. ఒకరోజు మధ్యాహ్నం ఏదో మేడ మీద లిఫ్టు పని చేస్తూ అతను ఫోన్ తీసి చూస్తే, మొదటి పాట కింద ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి రాశాడు: 'పాట బాగుంది. కానీ పాడేవారు ఊపిరి పీల్చే శబ్దం మరీ పెద్దగా వినిపిస్తోంది. ఎడిట్ చేసుకోవాల్సింది.'

నిదానానికి ఒళ్ళు మండిపోయింది. గ్రీజు చేతులతోనే టైపు చేయడం మొదలుపెట్టాడు. నీకు ఊపిరి ఉంది కాబట్టి దాని విలువ తెలియదని, ఆ ఊపిరి వెనక్కి రావడానికి ఎంత గొడవ జరిగిందో నీకు తెలుసా అని, నువ్వు నాలుగో అంతస్తులో పద్దెనిమిది రోజులు పడుకుని వచ్చి అప్పుడు మాట్లాడమని, పేజీడు రాశాడు. పంపబోతూ చూస్తే ఆ వ్యాఖ్య కింద అప్పటికే ఒక జవాబు ఉంది. అక్కే రాసింది.

'అవునండీ, అది నా ఊపిరే. అప్పట్లో అంత పెద్దగా ఉండేది.'

నిదానం తను రాసిందంతా చెరిపేశాడు. మెషిన్ రూములో నేల మీద కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే తిట్టాడు. ఆ మనిషిని కాదు, కెప్టెన్‌ని కాదు, తనని కూడా కాదు. ఆ వచ్చిన రోగాన్ని, దానికి చెవులున్నట్టే, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాడు.